సున్నా మూసుకోని సీఎన్సీ: 3018 కిట్ ఏడాది వాడాక

నల్లగొండలో మాది చిన్న షాపు. ఫ్లెక్సీలు, స్టిక్కర్లు, రబ్బరు స్టాంపులు. చెక్క మీద ఇళ్ల పేర్ల ప్లేట్లు కూడా చెక్కి ఇద్దామని నిరుడు ఆన్‌లైన్‌లో 3018 సీఎన్సీ కిట్ తెప్పించాను. సీఎన్సీ అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే మిషన్. 3018 అంటే కంపెనీ పేరు కాదు. 300 మిల్లీమీటర్లు ఒకవైపు, 180 ఇంకోవైపు చెక్కుతుందని దాని అర్థం. చాలామంది అమ్ముతారు, లోపల సరుకు దాదాపు ఒకటే. నాకు పద్దెనిమిది వేలు పడింది.

బిగించడానికి ఒక ఆదివారం సరిపోయింది. మొదటి పది ప్లేట్లు బాగానే వచ్చాయి. పదకొండోది ‘శ్రీనివాసం’. చివరి సున్నా మూసుకోలేదు. గీత తిరిగొచ్చి, మొదలైన చోటికి రెండు మిల్లీమీటర్లు పక్కన ఆగింది. మన అక్షరాల్లో ఏది చూసినా గుండ్రమే, మిషన్ తప్పు చేస్తే దాచుకునే చోటే ఉండదు.

వారం తిరిగేసరికి వై మోటారు, అంటే చెక్కను బిగించే బల్లను ముందుకూ వెనక్కీ నడిపేది, గరగరలాడటం మొదలుపెట్టింది. వంటగదిలోంచి అమ్మ, “ఏందిరా ఆ చప్పుడు, గిర్నీల రాయి పడ్డట్టు?” అని అరిచింది. సరిగ్గా అదే చప్పుడు. బల్ల కదలకుండా ఉన్నచోటే వణుకుతుంది. ఒకే బటన్ నొక్కితే ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి పోతుంది.

అమ్మినవాళ్లకు వీడియో పంపాను. స్పీడ్ తగ్గించమన్నారు. మిషన్ బోర్డులో మోటార్లను నడిపే సాఫ్ట్‌వేర్ పేరు జీఆర్‌బీఎల్. దాని సెట్టింగుల్లో $111 ను, అంటే వై గరిష్ఠ వేగాన్ని, 2000 నుంచి 500కి దించాను. వణుకు నిదానంగా వచ్చింది, అంతే తేడా. మళ్లీ అడిగితే మోటారు పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారు. చూడకుండానే ఎలా తెలిసిందో!

నేను మాత్రం డ్రైవర్‌ను, అంటే బోర్డు మీద మోటారుకు కరెంటు పంపే చిన్న ముక్కను, అనుమానించి రెండు సాయంత్రాలు పాడుచేసుకున్నాను. నా బోర్డులో ఉన్నవి ఏ4988 అనే డ్రైవర్లు, గుచ్చి తీసే రకం. వాటి మీద గోరంత స్క్రూ ఉంటుంది, మోటారుకు వెళ్లే కరెంటు దాంతోనే పెంచాలి, తగ్గించాలి. మల్టీమీటర్ ఒక కొన గ్రౌండ్‌కు, ఇంకో కొన ఆ స్క్రూకు తాకిస్తే వోల్టేజీ కనిపిస్తుంది. పక్కనున్న నల్ల రెసిస్టర్ల మీద ఆర్100 అని ఉంటే, 0.8 వోల్టులకు ఒక ఆంపియర్ లెక్క. నాకు 0.4 చూపించింది. తక్కువే అని 0.8కి పెంచాను. మిగతా మోటార్లకు బలం వచ్చింది, వై మాత్రం వణుకు మానలేదు. ఆ కంగారులో పవర్ ఆపకుండా మోటారు ప్లగ్ లాగేశాను, డ్రైవర్ ఒకటి కాలిపోయింది. నూట యాభై రూపాయల పాఠం. మీరు మాత్రం స్విచ్ ఆపి లాగండి.

చివరికి చేయాల్సిన పని చేశాను. పవర్ ఆపి, అడ్డంగా నడిపే ఎక్స్ మోటారు కేబుల్‌ను బోర్డులో వై సాకెట్‌కు పెట్టాను. హాయిగా తిరిగింది. అంటే డ్రైవర్ మంచిదే. తర్వాత వై కేబుల్ తీసుకెళ్లి ఎక్స్ మోటారుకు తగిలిస్తే, నిన్నటిదాకా బుద్ధిగా ఉన్న ఎక్స్ కూడా వణికింది. దొంగ కేబుల్! మీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి నాలుగు తీగలూ చూశాను. ఎర్రతీగ తిన్నగా ఉన్నప్పుడు కూస్తోంది, కనెక్టర్ దగ్గర కాస్త వంచితే మూగబోతోంది. పిన్ను బయటికి లాగి చూస్తే, అది రాగిని కాకుండా పైనున్న ప్లాస్టిక్ తొడుగును పట్టుకుని ఉంది. మోటారులో రెండు కాయిల్స్ ఉంటాయి. ఒకదానికి కరెంటు అందకపోతే రెండోది ఒక్కటే ఎటు తిప్పాలో తెలియక వణుకుతుంది. బల్ల ముందుకూ వెనక్కీ ఊగింది అందుకే.

హైదరాబాద్ పనిమీద వెళ్లినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో పిన్నులు, వాటిని తీగకు నొక్కి బిగించే క్రింపింగ్ ప్లయర్ కొన్నాను. మూడు కేబుళ్లూ నేనే కొత్తగా కట్టాను. $111 ను మళ్లీ పెంచి 1000 దగ్గర ఉంచాను. ఏడు నెలలైంది, వణుకు లేదు.

ఇక మిషన్ సంగతి. ఫ్రేమ్ గట్టిది, టేకు, ఎండీఎఫ్ చక్కగా చెక్కుతుంది. అల్యూమినియం జోలికి నేను పోను. బిగించేటప్పుడు కరెంటు లేకుండా స్క్రూ రాడ్‌ను చేత్తో ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూడండి. నాకు ఎక్స్ సగం దాకా వెన్నలా వచ్చి, తర్వాత బిగుసుకుంది. పక్క ప్లేటు బోల్టులు వదులు చేసి, క్యారేజీని (చెక్కే మోటారును మోసే భాగాన్ని) అంచుకు నెట్టి మళ్లీ బిగిస్తే సర్దుకుంది. మోటారుకూ రాడ్‌కూ మధ్య ఉండే కప్లర్ చిన్న స్క్రూలు మాత్రం నెలకోసారి చూడాల్సిందే. కిట్‌తో వచ్చిన ఎల్ కీ మెత్తటి ఇనుము, రెండో రోజే అరిగింది. గంటకు మించిన పనైతే డ్రైవర్లు వేడెక్కుతాయి, పాత కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి పెట్టాను.

ఐదుకు మూడున్నర ఇస్తాను. తగ్గించింది మిషన్‌కు కాదు, చూడకుండానే కొత్త మోటారు కొనమన్నందుకు. ‘శ్రీనివాసం’ వాళ్లకు కొత్త ప్లేటు ఉచితంగా చేసిచ్చాను. పాతది అమ్మ వంటింట్లో వేడి గిన్నెలు దించడానికి పెట్టుకుంది. బల్ల కుడి మూలలో కాస్త పల్లం మాత్రం ఇంకా ఉంది, అక్కడ అక్షరాలు లోతు తక్కువగా పడుతున్నాయి. ఈ ఆదివారం దాని పని పట్టాలి.