క్యూటైమర్: కొన్ని మామిడి సీజన్లు వాడాక

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నడిచే మానిటర్ ప్రోగ్రామ్‌ను పైసైడ్‌లో (పైథాన్‌తో విండోలున్న ప్రోగ్రామ్‌లు రాసే లైబ్రరీ) రాసి, కొన్నేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. తోతాపురి దిగే జూన్, జూలై నెలల్లో ఆ విండోను రాత్రీపగలూ మూయరు. స్టెరిలైజర్ వేడి సెకనుకోసారి చదవడం, తగ్గితే ఎర్రగా మెరిపించడం, బ్యాచ్ మొదలై ఎంతసేపైందో చూపించడం, అన్నీ క్యూటైమర్ మీదే, అంటే పెట్టిన వ్యవధికోసారి ప్రోగ్రామ్‌కు సంకేతం పంపే పైసైడ్ టైమర్ మీదే. నా అభిప్రాయం ఇది: పని గుర్తు చేయడానికి క్యూటైమర్ చాలా మంచిది, సమయం కొలవడానికి పనికిరాదు.

1000 మిల్లీసెకన్లు పెట్టినా సరిగ్గా వెయ్యికే రావాలని లేదు. మనం ఏమీ చెప్పకపోతే అది కోర్స్‌టైమర్ అనే ముతక రకం, 5 శాతం దాకా అటూఇటూ అవుతుంది. ప్రిసైజ్‌టైమర్ అడిగితే మిల్లీసెకను దాకా పట్టుకోవాలని చూస్తుంది. కానీ ఏ రకమైనా ఈవెంట్ లూప్ (ప్రోగ్రామ్‌కు వచ్చిన పనులను ఒక్కొక్కటిగా నడిపే చక్రం) ఖాళీగా ఉంటేనే. వేడి చదివే మీటర్ జవాబు కోసం, విండోను నడిపే మెయిన్ థ్రెడ్డే కాచుకుని కూర్చుంటే విండో బిగుసుకుపోతుంది. ఆలోగా రావాల్సిన టైమౌట్‌లు (టైమర్ పంపే సంకేతాలు) నాలుగున్నా, చివరికి ఒక్కటే వస్తుంది. అందుకే టైమౌట్‌లు లెక్కబెట్టి బ్యాచ్ సమయం చెప్పకూడదు. ఆ పని గడిచిన సమయాన్ని కొలిచే క్యూఎలాప్స్‌డ్‌టైమర్‌ది. కంప్యూటర్ గడియారాన్ని ఎవరు మార్చినా దాని లెక్క చెదరదు.

"అన్నా, సెకన్లు దూకతా ఉండాయి" అన్నాడు ఆపరేటర్ ఒకసారి. దూకినా మొత్తం సరిగ్గానే ఉంది, నాకు ముఖ్యం అదే. అయినా చూసే మనిషికి అనుమానం రాకూడదు కదా! తెరను 200 మిల్లీసెకన్లకోసారి తాజా చేస్తే అంకెలు సాఫీగా నడిచాయి.

మీటర్ చదివే పనిని వేరే థ్రెడ్‌లో పెట్టాలి, దాని టైమర్‌ను ఆ థ్రెడ్‌లోనే మొదలుపెట్టాలి, అక్కడే ఆపాలి. బయటి నుంచి స్టార్ట్ చేస్తే కన్సోల్‌లో ఒక హెచ్చరిక పడుతుంది, టైమర్ మాత్రం కదలదు. పైథాన్‌వాళ్లకు ఇంకో మాట: టైమర్‌ను ఫంక్షన్‌లో లోకల్‌గా వదిలేయకండి. సెల్ఫ్‌కు, అంటే ఆ ఫంక్షన్ ఉన్న ఆబ్జెక్టుకు, తగిలించకపోతే ఫంక్షన్ ముగియగానే అదీ పోతుంది, ఏ ఎర్రరూ కనబడదు.

క్యూటైమర్ లేకుండా ఐడీ నంబర్లతో టైమర్లు నడిపే టైమర్‌ఈవెంట్, కిల్‌టైమర్ పద్ధతి కూడా పనిచేస్తుంది గానీ, ఐడీలు గుర్తుపెట్టుకునే తిప్పలు ఎందుకు?

నాకు బాగా నచ్చింది సింగిల్‌షాట్, ఒక్కసారి మోగి ఆగిపోయే టైమర్. కాటా దగ్గర లారీ నంబరు టైపు చేస్తుంటే ప్రతి అక్షరానికీ డేటాబేస్ వెతక్కుండా, 300 మిల్లీసెకన్ల సింగిల్‌షాట్ టైమర్‌ను ప్రతిసారీ మళ్లీ స్టార్ట్ చేస్తాను. వేళ్లు ఆగాక ఒక్కసారే వెతుకుతుంది. లారీలు బారులు తీరిన రోజు కూడా ఆ పాత కంప్యూటర్ ఎక్కడా తడబడలేదు.