మెయిక్టీలా దుమ్ము పట్టిన షెర్మన్: ఒక 1/56 ట్యాంకు కిట్, దానిపై వాడిన రంగుల సమీక్ష

వార్లార్డ్ గేమ్స్ వారి 1/56 (అసలు బండిలో 56వ వంతు) షెర్మన్ 5 ప్లాస్టిక్ కిట్‌ను నేను అలమారలో పెట్టి చూసుకోవడానికి కొనలేదు, బోల్ట్ యాక్షన్ అనే రెండో ప్రపంచ యుద్ధపు బొమ్మల ఆటలో బల్ల మీద నడిపించడానికి కొన్నాను. ఈ సమీక్షను ఆ సంగతి గుర్తుంచుకొని చదవాలని మనవి. గాజు తలుపు వెనుక కదలకుండా ఉండే బొమ్మకూ, ఆదివారం వచ్చేసరికి నలుగురి చేతుల్లో పడే బొమ్మకూ రంగు వేసే పద్ధతి ఒకటి కాదు. కిట్ కొనదగినదేనని మొదటే చెప్పేస్తున్నాను. దాన్ని యుద్ధంలో నలిగిన బండిగా మార్చడానికి వాడిన పొడులు, వార్నిష్‌ల గురించి మాత్రం చెప్పవలసింది చాలా ఉంది కాబట్టి, ఇందులో ఎక్కువ భాగం వాటికే పోతుంది.

షెర్మన్ అనే ఈ అమెరికన్ ట్యాంకుల్లో ఇన్ని రకాలుండగా 5వ రకాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. బ్రిటిష్ సైన్యం షెర్మన్ 5 అని పిలిచిన ఈ బండి అసలు పేరు ఎం4ఏ4. పెద్ద ఇంజన్ల కొరత ఉన్న రోజుల్లో క్రైస్లర్ సంస్థ ఐదు కారు ఇంజన్లను ఒకే చోట గుత్తిగా బిగించి, 30 సిలిండర్ల యంత్రం తయారు చేసింది. అది మామూలు షెర్మన్‌లో పట్టకపోవడంతో బండినే పొడిగించారు. అందుకే దీని బోగీల (చక్రాల జతలు బిగించిన దిమ్మల) మధ్య ఖాళీ మిగతా రకాల్లో కంటే ఎక్కువగా ఉంటుంది, ఆనవాలు పట్టడానికి అదే తేలికైన గుర్తు. తయారైన 7,499 బండ్లలో అధిక భాగం బ్రిటిష్ సైన్యానికి చేరాయి. వాటిలో కొన్నింటిని 1945లో బర్మాలో 255వ ఇండియన్ ట్యాంక్ బ్రిగేడ్ నడిపింది. ఆ బ్రిగేడ్‌లోని రెజిమెంట్లలో రాయల్ డెక్కన్ హార్స్ ఒకటి. ఆ పేరులోని దక్కను మన దక్కనే. బొల్లారంలో దండు ఉన్న హైదరాబాద్ కాంటింజెంట్ అశ్వికదళం నుంచి పుట్టిన రెజిమెంట్ అది, గుర్రాలు పోయి ట్యాంకులు వచ్చినా పేరు మారలేదు. సికింద్రాబాద్‌లో ఉంటూ బోల్ట్ యాక్షన్ ఆడేవాడు నార్మండీ షెర్మన్‌కు రంగు వేయడం కంటే, ఆ రెజిమెంట్ పోరాడిన బర్మా పట్టణం మెయిక్టీలా షెర్మన్‌కు రంగు వేయడమే సబబని నాకు తోచింది.

కొలత విషయంలో కొత్తవారు తరచుగా తికమక పడతారు కాబట్టి ఒక మాట. అసలు బండి పొడవు 6.06 మీటర్లు. దాన్ని 56తో భాగిస్తే 10.8 సెంటీమీటర్లు వస్తుంది, అంటే అరచేతిలో ఇమిడే బొమ్మ. ఇదే బండి 1/48లో 12.6 సెంటీమీటర్లు ఉంటుంది. అందులో వివరాలు ఎక్కువే గాని, 28 మిల్లీమీటర్ల సిపాయి బొమ్మల పక్కన నిలిపితే బండి ఏనుగులా కనిపిస్తుంది. ఆట కోసమైతే 1/56 తీసుకోవడమే మంచిది.

పెట్టె విదేశం నుంచి తెప్పించుకున్నాను. రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిసేసరికి మొత్తం పెట్టె ధరకు దాదాపు రెట్టింపు అయింది. కొరియర్ వారు పార్శిల్‌ను ఎక్కడ పడేశారో గాని పెట్టె ఒక మూల పూర్తిగా నలిగింది, లోపల ముక్కలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రాలకు మాత్రం ఏమీ కాలేదు. జిగురు, ఎనామెల్ రంగులు మండే ద్రవాలు కాబట్టి వాటిని విమానంలో పంపడానికి చాలామంది ఒప్పుకోరు. వాటిని ఇక్కడే విడిగా వెతుక్కోవాలి.

కూర్పు పని నాకు ఒక సాయంత్రం, మర్నాడు ఉదయం పట్టింది. ట్రాకును (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీని) లింకు లింకుగా అతికించే బాధ లేకపోవడం ఆటగాడికి పెద్ద ఊరట. ముందుగా చట్రాలను గిన్నెలు తోమే సబ్బునీళ్లలో ముంచి కడిగి, ఆరబెట్టాను. అచ్చు నుంచి ప్లాస్టిక్ ఊడి రావడానికి రాసే నూనె ఏ కాస్త మిగిలి ఉన్నా ప్రైమర్ అక్కడ పట్టదు. ముక్కలను సైడ్ కట్టర్‌తో కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన మొటిమను కత్తితో చెక్కి, 600 నంబరు గరుకు కాగితంతో నున్నగా రుద్దాను. జిగురుగా తమియా వారి పచ్చమూత సీసా వాడాను. నీళ్లలా పలుచగా ఉండే ఆ జిగురును రెండు ముక్కలనూ దగ్గరకు చేర్చి పట్టుకొని, సందు మీద కుంచె మొన తాకిస్తే చాలు, సందు పొడవునా తనంతట తానే పాకిపోతుంది. అది ప్లాస్టిక్‌ను కరిగించి అతుకుతుంది కాబట్టి అతుకు గట్టిగా నిలుస్తుంది. అదే కారణం చేత జిగురుతో తడిసిన వేలు తగిలిందంటే బొమ్మ మీద ఆ వేలిముద్ర జీవితాంతం ఉంటుంది. నా బండి కుడివైపు అలాంటిదొకటి పడింది. దాని మీద ఒక టార్పాలిన్ చుట్ట అతికించి పరువు కాపాడుకున్నాను.

ఈ కొలతలోని ఆట కిట్లలో మిషన్ గన్ గొట్టాలు, పట్టుకునే పిడులు అసలు నిష్పత్తి కంటే లావుగా ఉంటాయి. ప్రదర్శన బొమ్మలు చేసేవారు దాన్ని లోపంగా లెక్కవేస్తారు. నేను లెక్కవేయను. వెంట్రుకంత సన్నటి గొట్టం మొదటి ఆటలోనే ఎవరి చొక్కా చేతికో తగులుకొని విరుగుతుంది. ట్రాకులను, టరెట్‌ను (తుపాకీ ఉండి గుండ్రంగా తిరిగే పై భాగాన్ని) మాత్రం రంగు పూర్తయ్యేదాకా విడిగానే ఉంచమని సలహా ఇస్తాను. అతికించాక బోగీల వెనుకకు కుంచె పోదు.

నల్ల ప్రైమర్ మీద వయ్యెహో వారి బ్రౌన్ వయలెట్ రంగు వేశాను. పేరులో వయలెట్ ఉన్నా సీసాలో ఉండేది ఆలివ్ రంగే. బర్మా వైపు వాహనాలకు జంగిల్ గ్రీన్ అనే ముదురు ఆకుపచ్చ వేసిన దాఖలా ఉంది గనుక, అందులో కొంచెం ముదురు ఆకుపచ్చ కలిపాను. పై భాగాలకు అదే మిశ్రమంలో లేత పసుపు కలిపి రెండో పూత వేశాను. చిన్న బొమ్మ మీద రంగు అసలు బండి మీద కంటే ముదురుగా కనిపిస్తుంది. సీసాలోని రంగును ఉన్నదున్నట్టు వేస్తే, మూడడుగుల దూరం నుంచి చూసేవారికి అది నల్లటి ముద్దలా ఉంటుంది. డెకాల్స్‌లో, అంటే బొమ్మ మీద అంటించే గుర్తుల్లో, తెల్ల నక్షత్రాలు మాత్రమే వాడాను.

ఇక అసలు విషయానికి వస్తాను. నలిగిన బండి అనగానే చాలామంది తుప్పుతో మొదలుపెడతారు. రోజూ నడిచే ట్యాంకు తుప్పు పట్టిన ఇనుప సామానులా ఉండదు. రంగు లేచిపోయేది సిపాయి బూటు తగిలే చోట, తలుపు మూత అంచున, ముందు మడ్‌గార్డు మూలన మాత్రమే. పార్శిల్‌లో వచ్చిన స్పాంజి ముక్కను చింపి, వయ్యెహో వారి జర్మన్ కామోఫ్లాజ్ బ్లాక్ బ్రౌన్, అంటే 70.822 సంఖ్య సీసాలో అంచు తాకించి, కాగితం మీద చాలాసార్లు అద్ది, రంగు దాదాపు అయిపోయిందనిపించాక బొమ్మ మీద తేలికగా ఒత్తాలి. మొదటిసారి నేను ఆపుకోలేక టరెట్ అంతటా చుక్కలు పొడిచాను, మశూచి సోకినట్టు కనిపించింది. మళ్లీ ఆలివ్ రంగు వేసి మొదటికి రావలసి వచ్చింది.

సందుల్లో నీడ కోసం విదేశీ ఎనామెల్ వాష్‌లు (సందుల్లోకి పారే పలుచని రంగులు) దొరక్కపోతే దిగులుపడనక్కరలేదు. కోఠిలోని స్టేషనరీ దుకాణంలో దొరికే క్యామెల్ ఆయిల్ కలర్ బర్న్ట్ అంబర్ ట్యూబు, ఒక చిన్న సీసా టర్పెంటైన్ ఆ పనికి సరిపోయాయి. బఠాణీ గింజంత రంగును ముందుగా అట్టముక్క మీద గంటసేపు ఉంచితే అందులోని నూనె అట్ట పీల్చుకుంటుంది, ఆ తర్వాత టర్పెంటైన్‌లో కలిపితే మెరుపు లేకుండా ఆరుతుంది. బోల్టుల చుట్టూ, తలుపుల సందుల్లో కుంచె మొనతో తాకించి, పావుగంట తర్వాత టర్పెంటైన్‌లో తడిపి పిండిన కుంచెతో పైనుంచి కిందికి లాగితే వాన చారలు కూడా వాటంతట అవే పడతాయి. అయితే దీనికి ముందు అక్రిలిక్ రంగు మీద మెరిసే వార్నిష్ ఒక పూత ఉండాలి, లేకపోతే టర్పెంటైన్ కింది రంగును పట్టి మరకలు చేస్తుంది. విదేశీ వాష్‌తో పోలిస్తే ఇందులో నాకు కనిపించిన తేడా ఒక్కటే, ఆరడానికి రెండు రోజులు పట్టింది.

బురద ఎలా వేయాలో నేర్పే వీడియోలు చాలా చూశాను గాని, నాకు పనికొచ్చింది మా ఊళ్లో దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు. పొలం గట్టెక్కి చెట్టు కింద ఆగిన ట్రాక్టరును రెండు గంటల తర్వాత చూస్తే, మడ్‌గార్డు లోపల బురద ఇంకా నల్లగా తడిగా ఉంటుంది, బయటి అంచున తెల్లబడి పగుళ్లిస్తుంది, దమ్ము చక్రాల అంచులు మాత్రం మట్టి రాపిడికి వెండిలా మెరుస్తాయి. ఒకే మట్టి, ఒకే బండి, మూడు రంగులు. ఈ మూడింటినీ ఒకే గోధుమ రంగుతో ముగించేస్తే బొమ్మ మీద ఉన్నది బురదలా కాక చాక్లెట్‌లా కనిపిస్తుంది. అందువల్ల కింది భాగానికి ముదురు రంగు పలుచగా వేసి, ఆరాక బోగీల పైభాగానికి లేత రంగు అద్దాను. ట్రాకు మెరుపు దగ్గర మాత్రం ట్రాక్టరు లెక్క పనికిరాదు. షెర్మన్ ట్రాకు దిమ్మెలు రబ్బరువైతే వాటికి ఉక్కు మెరుపు ఇవ్వకూడదు, దిమ్మెల కొనలను కలిపే ఇనుప ముక్కలకే గ్రాఫైట్ పెన్సిల్ రాయాలి. ఎంతో శ్రమపడి చేసిన బొమ్మలు కూడా నాకు ఇక్కడే పట్టుబడుతుంటాయి.

మార్చి నెలలో మధ్య బర్మా మైదానం ఎండిపోయి ఉంటుంది, కాబట్టి మెయిక్టీలా బండికి బురద కంటే దుమ్ము ఎక్కువ కావాలి. దానికి తమియా వారి వెదరింగ్ మాస్టర్ ఏ సెట్టు తీసుకున్నాను. చూడడానికి ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులోని కాంపాక్ట్ పౌడర్ డబ్బీలా ఉంటుంది, అందులో ఇసుక, లేత ఇసుక, బురద అని మూడు బిళ్లలు ఉంటాయి, ఒక కొసన స్పాంజి, మరో కొసన కుంచె ఉన్న చిన్న పుల్ల ఉంటుంది. మా ఆవిడ అది చూసి ఇన్నాళ్లకు సంసారానికి పనికొచ్చే వస్తువు కొన్నావనుకుంది. ఈ డబ్బీ నాకు బాగా నచ్చింది. విడి పొడిలా గదంతా ఎగరదు, కాస్త జిగటగా ఉండడం వల్ల స్పాంజితో రాసిన చోటే నిలుస్తుంది, ఎక్కువైతే తడి కాటన్ బడ్‌తో తుడిచేయవచ్చు. టరెట్ పైన, ఇంజన్ మూత మీద ఇసుక రంగు రాసిన క్షణంలో బొమ్మ బండిగా మారిపోయింది. తుప్పు, మసి కావాలంటే అవి బీ సెట్టులో ఉంటాయి, అందులో మూడోది మంచు. దక్కను వాళ్లకు దానితో పనిలేదు.

అయితే ఈ డబ్బీలోని పొడి ముట్టుకోని బొమ్మకు తగినది. చేతితో ఎత్తి దించే బొమ్మ మీద అది వేళ్లకు అంటుకొని పోతుంది. మెరుపు లేని మ్యాట్ వార్నిష్ కొడితే నిలుస్తుంది గాని, వార్నిష్ తడికి సగం దుమ్ము కనపడకుండా పోతుంది. రెండు మూడు పాత బొమ్మల మీద ప్రయత్నించాక నాకు కుదిరిన పద్ధతి ఇది. కావలసిన దానికంటే రెట్టింపు దట్టంగా దుమ్ము రాసి, వార్నిష్‌ను దూరం నుంచి మంచు కురిసినట్టు రెండు పూతలుగా కొట్టి, ఆరిన తర్వాత వేళ్లు తగలని చోట్ల, అంటే బోగీల సందుల్లో, వెనుక పొగ గొట్టాల కింద, టరెట్ మెడ చుట్టూ మాత్రం మళ్లీ కొంచెం పొడి అద్ది, దాన్ని వార్నిష్ లేకుండా అలాగే వదిలేశాను.

వార్నిష్ దగ్గర నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. జులై నెలలో, ముసురు పట్టిన సాయంత్రం, బాల్కనీలో నిలబడి స్ప్రే డబ్బా కొట్టాను. పది నిమిషాల్లో మూడు వారాల పని మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొర పరుచుకుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు మ్యాట్ వార్నిష్ ఆరుతూ ఆ తేమను పట్టుకొని తెల్లబడుతుంది, ఇందులో డబ్బా తయారు చేసినవారి తప్పేమీ లేదు. మెరిసే వార్నిష్‌ను కుంచెతో ఒక పూత వేస్తే తెల్లదనం చాలావరకు దిగింది. నాలుగు రోజులు ఆగి, వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం మళ్లీ మ్యాట్ కొట్టాను. ఎడమవైపు వెనుక మూలన కొంచెం తెలుపు మిగిలింది, చూసినవాళ్లు దాన్ని దుమ్మే అనుకుంటున్నారు. విజయవాడ, విశాఖ వైపు ఉండేవారు స్ప్రే డబ్బా జోలికి పోకుండా కుంచెతో వేసే మ్యాట్ వార్నిష్ కొనుక్కుంటే ఈ బాధ తప్పుతుంది.

ఇప్పటికి ఈ బండి ఆరు ఆటలు ఆడింది. నియమాల ప్రకారం దీని కవచం విలువ 9, జపాన్ తేలికపాటి ట్యాంకు నిరోధక తుపాకీ ముందు నుంచి కొడితే పాచిక మీద 5 పడాలి, పక్క నుంచైతే 4 చాలు. అందుచేత ఆటగాళ్లు ఎప్పుడూ దీన్ని తిప్పి తిప్పి కోణాలు చూస్తుంటారు. అలా తిప్పడంలో టరెట్ పైకప్పు మీద బొటనవేలు ఆనే చోట దుమ్ము పూర్తిగా పోయి ఆలివ్ రంగు బయటపడింది, తుపాకీ గొట్టం కొసన ప్రైమర్ కూడా కనిపిస్తోంది. కొసకు రంగు మళ్లీ వేశాను. పైకప్పును అలాగే వదిలేశాను, కమాండర్ ఎక్కి దిగే చోటు అదే కదా. ఇబ్బంది పెట్టింది టరెట్ ఒక్కటే. అతికించకుండా వదిలాను కాబట్టి బండిని వంచి ఎత్తినప్పుడల్లా జారి బల్ల మీద పడుతోంది. రెండో షెర్మన్‌కు టరెట్ అడుగున, బండి లోపల చెరొక మూడు మిల్లీమీటర్ల అయస్కాంతం పెడుతున్నాను. అయితే రెండు సగాలనూ మూసి అతికించకముందే ఆ పని చేయాలి.