ఒక్క సీసా ఎవరి దగ్గర కొనాలి?

శనివారం సాయంత్రం స్నేహితుల ఇంటికి భోజనానికి వెళ్తున్నాం, చేతిలో ఒక వైన్ సీసా ఉండాలి. అమెరికాలో ఉండే మనవాళ్ళకి నెలకో రెండు నెలలకో తగిలే పనే ఇది. హైవే పక్కన గోడౌనంత చెయిన్ స్టోర్ ఉంటుంది. ఫోన్లో యాప్ ఉంటుంది. దారిలో మందపాటి అద్దం వెనక కూర్చుని డబ్బు తీసుకునే మందు షాపు ఉంటుంది. కొన్ని ఊళ్ళలో మరొకటి కూడా ఉంటుంది: నల్లజాతి వాళ్ళు తమ పేటలో పెట్టుకున్న చిన్న వైన్ షాపు. మన దగ్గర ‘వైన్స్’ అంటే మందు దుకాణమే. ఇక్కడ నేను చెప్పేది నిజంగా వైన్ తెలిసినవాళ్ళు వైన్ అమ్మే చోటు గురించి. అలాంటి షాపు పేటకు ఆసరా అంటారు, నా మొగ్గూ దాని వైపే. యజమాని ఒంటి రంగు ఒక్కటే చూసి మాత్రం కాదు.

ముందు ధర. అందులో చెయిన్ స్టోర్‌దే పైచేయి, దాచడానికేమీ లేదు. 1991లో ట్రోన్ అన్నదమ్ములు డెలవేర్‌లో మొదలుపెట్టిన టోటల్ వైన్‌కు ఇవాళ రెండు వందలకు పైగా స్టోర్లున్నాయి. పేటలోని షాపుతో పోలిస్తే అలాంటి చోట అదే సీసా రెండు మూడు డాలర్లు తక్కువకు దొరకడం మామూలే.

ఆ రెండు మూడు డాలర్లు ఎక్కడ మిగులుతున్నాయన్నదే అసలు సంగతి. 1933 డిసెంబరు 5న మద్యనిషేధం ఎత్తేశాక చాలా రాష్ట్రాలు వ్యాపారాన్ని మూడు అంచెలుగా విడగొట్టాయి. తయారుచేసేవాడు డిస్ట్రిబ్యూటర్‌కు అమ్మాలి, డిస్ట్రిబ్యూటర్ షాపుకు అమ్మాలి, షాపు మనకు అమ్మాలి. కాబట్టి చిన్న షాపు బతుకు డిస్ట్రిబ్యూటర్ చేతిలో ఉంటుంది. వంద కేసులు దింపుకునేవాడికి ఒక ధర, రెండు కేసులు తీసుకునేవాడికి ఇంకో ధర. దేశంలోకెల్లా పెద్ద డిస్ట్రిబ్యూటర్ సదరన్ గ్లేజర్స్ మీద, వ్యాపారాల్లో పోటీ సరిగా ఉందా అని చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 డిసెంబరులో కేసు వేసింది. ఒకే సరుకుకు పెద్ద చెయిన్ల కంటే చిన్న దుకాణాల దగ్గర చాలా ఎక్కువ వసూలు చేస్తోందని ఆరోపణ. దానికి ఆధారం, ఒకే సరుకును ఒక్కో దుకాణానికి ఒక్కో ధరకు అమ్మి పోటీని దెబ్బతీయకూడదన్న 1936 నాటి చట్టం. కంపెనీ ఆ ఆరోపణను ఒప్పుకోలేదు. తీర్పు ఎటు వచ్చినా, పేటలో షాపతను ఎక్కువ ధర చెప్పినప్పుడు అది అతని అత్యాశ అనుకోవడం తప్పని ఈ కేసుతో నాకు తెలిసొచ్చింది.

తెలంగాణలో షాపు పెట్టుకున్నవాళ్ళకి ఈ బాధ అర్థం కావడం కష్టం. అక్కడ సరుకంతా ప్రభుత్వ కార్పొరేషన్ డిపో నుంచే వస్తుంది, సీసా మీద ఎమ్మార్పీ ఉంటుంది. చిన్న షాపు, పెద్ద షాపు అన్న తేడా కొనుగోలు ధరలో ఉండదు. పైగా 2021 నుంచి షాపుల్లో గౌడ కులస్తులకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 కేటాయించారు. 2024లో ఆంధ్రప్రదేశ్ మళ్ళీ ప్రైవేటు షాపులకు తలుపు తెరిచినప్పుడు గీత కులాలకు 10 శాతం అంది. ఈ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. ఒకరి పేరు మీద లైసెన్సు, ఇంకొకరి పెట్టుబడి అన్న మాట మనం వింటూనే ఉంటాం. అయినా తరతరాలుగా కల్లు గీసినవాళ్ళకి మందు వ్యాపారంలో వాటా ఉండాలన్న ఆలోచన అందులో ఉంది. అమెరికాలో నల్లజాతి వాళ్ళకి మందు షాపు లైసెన్సుల్లో అలాంటి కోటా లేదు. నిలబడ్డవాళ్ళు సొంత పొదుపుతో, బ్యాంకుల చుట్టూ తిరిగి నిలబడ్డవాళ్ళే.

వాళ్ళకి కాస్త ఊపిరినిచ్చింది కొన్ని రాష్ట్రాల చట్టాలు. న్యూయార్క్‌లో ఒకరికి ఒక్క మందు షాపు లైసెన్సే. సూపర్ మార్కెట్లో వైన్ అమ్మకూడదు. మసాచుసెట్స్‌లోనూ ఒక యజమానికి ఇన్ని లైసెన్సులే అన్న హద్దుంది. ఆ హద్దును పెంచే ప్రతిపాదన 2022లో ఓటుకు వస్తే జనం వద్దన్నారు. బ్రూక్లిన్‌లోనూ బోస్టన్‌లోనూ చెప్పుకోదగ్గ చిన్న షాపులు మిగలడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

ఇక అద్దం వెనకాల షాపు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ‘మందు షాపు పేటకు ఆసరా’ అన్న మాట వినగానే చాలామందికి చిర్రెత్తుకొస్తుంది, రావాలి కూడా. 1992 ఏప్రిల్ చివర లాస్ ఏంజెలెస్‌లో అల్లర్లు చెలరేగినప్పుడు దక్షిణ భాగంలో దాదాపు రెండు వందల మందు షాపులు తగలబడ్డాయి. అంతకు రెండేళ్ళ ముందు కరెన్ బాస్ (ఆ తర్వాత ఆ నగరానికి మేయరయ్యారు) మొదలుపెట్టిన కమ్యూనిటీ కోయలిషన్ అనే స్థానికుల సంఘం అప్పుడు రంగంలోకి దిగింది. కాలిపోయినవాటిని మళ్ళీ మందు షాపులుగా కట్టనివ్వొద్దని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పోగేశారు. సుమారు నూటయాభై షాపులు మళ్ళీ తెరుచుకోలేదు. అదే ఏడాది నెల్లూరు జిల్లా దూబగుంటలో మన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరి కడుపుమంటా ఒకటే: మా వీధిలో మా మగవాళ్ళ కూలి డబ్బు లాక్కుపోయే కొట్టు మాకొద్దు.

ఆ కాలిన షాపుల్లో చాలావాటి యజమానులు కొరియా నుంచి వలస వచ్చినవాళ్ళు, రాత్రింబవళ్ళు కష్టపడ్డవాళ్ళు. వాళ్ళ నష్టమూ నష్టమే. ఇవాళ ఆ కౌంటర్ల వెనక మన దేశంవాళ్ళు, అందులో తెలుగువాళ్ళూ కొందరున్నారు. అందుకే ఇది ఎవరినో వేలెత్తి చూపే విషయం కాదు. సమస్య ఎక్కడుందో 2000లో బాల్టిమోర్ మీద వచ్చిన లావీస్ట్, వాలెస్‌ల పరిశోధన చూపించింది: పేద నల్లజాతి పేటల్లో మందు షాపులు మిగతా చోట్ల కంటే చాలా చిక్కగా ఉన్నాయి. 2017లో ఆ నగరం కొత్త జోనింగ్ చట్టం (ఏ వీధిలో ఏ వ్యాపారం ఉండొచ్చో చెప్పేది) తెచ్చి, ఇళ్ళ మధ్య ఉన్న అలాంటి షాపులకు రెండేళ్ళు గడువిచ్చి మూసుకోమంది. చేతిలో ఇమిడే చిన్న సీసాలు కౌంటర్ మీద పేర్చి, పొద్దున్నే తలుపు తీసి, కొనేవాడిని అద్దం అవతలే నిలబెట్టే చోటుకు నల్లజాతి యజమాని వచ్చినా నా దృష్టిలో మారేది తక్కువ.

మరి తేడా ఎక్కడుంది? 2004లో ఎరిక్ వుడ్స్, జై జై గ్రీన్‌ఫీల్డ్ న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెమ్‌లో హార్లెమ్ వింటేజ్ అనే వైన్ షాపు తెరిచారు. అద్దాల మందు షాపులకు అలవాటుపడిన హార్లెమ్‌లో సీసాను చేత్తో పట్టుకుని, లేబుల్ చదివి, అడిగి కొనే చోటు అది. గౌరవం అన్న మాటకు ఇంతకంటే సూటి అర్థం నాకు దొరకలేదు. 2019లో సన్‌షైన్ ఫాస్, ఆమె భర్త బ్రూక్లిన్ బెడ్‌ఫర్డ్-స్టయ్‌వెసంట్‌లో హ్యాపీ కార్క్ పెట్టి, నల్లజాతివాళ్ళ, ఆడవాళ్ళ బ్రాండ్లను అరల్లో ముందుకు తెచ్చారు. ఇది చిన్న పని కాదు. డిస్ట్రిబ్యూటర్‌కు అమ్మకాలు చూపించలేని కొత్త బ్రాండు పెద్ద స్టోర్ అర ఎక్కదు. అర ఎక్కకపోతే అమ్మకాలు రావు. ఆ ముడిని విప్పేది మొదటి పన్నెండు సీసాలు ధైర్యంగా తీసుకునే పేట షాపే.

ఆ అరల మీద చేరే సీసాల వెనక కథలూ అలాంటివే. వైన్‌కు పేరుమోసిన కాలిఫోర్నియా నాపా లోయలో నల్లజాతి కుటుంబం పెట్టిన మొదటి వైనరీ (వైన్ తయారుచేసే చోటు) బ్రౌన్ ఎస్టేట్. మెక్‌బ్రైడ్ సిస్టర్స్ అనే వైన్ బ్రాండు పెట్టిన అక్కచెల్లెళ్ళిద్దరికీ తండ్రి ఒక్కడే, తల్లులు వేరు. ఒకరు కాలిఫోర్నియాలో, ఒకరు న్యూజిలాండ్‌లో పెరిగారు. ఇద్దరూ వైన్ పండే నేలల మీదే పెరిగినా 1999 దాకా కలుసుకోలేదు. జాక్ డేనియల్‌కు విస్కీ కాచడం నేర్పింది బానిసగా బతికిన నేథన్ ‘నియరెస్ట్’ గ్రీన్ అన్న సంగతి లోకానికి బాగా తెలిసింది 2016 తర్వాతే.

నాకు అన్నింటికంటే నచ్చింది బోస్టన్ సౌత్ ఎండ్‌లోని అర్బన్ గ్రేప్. టి.జె., హాడ్లీ డగ్లస్ దంపతులు అక్కడ వైన్లను దేశాలవారీగా కాకుండా పలచనివి మొదలు చిక్కనివి దాకా ఒకటి నుంచి పది అంకెలతో పేర్చారు. పాల రకాలు పోల్చుకున్నట్టు పోల్చుకోవచ్చు. ఫ్రెంచి పేర్లు పలకలేమన్న బెరుకు మనలో చాలామందికి ఉంటుంది, అది అక్కడ అక్కర్లేదు. 2020లో వాళ్ళు బోస్టన్ యూనివర్సిటీతో కలిసి ఒక విద్యార్థి సహాయం మొదలుపెట్టారు. శ్వేతజాతేతర విద్యార్థులకు వైన్ చదువు ఫీజు, దాంతోపాటు షాపులో, డిస్ట్రిబ్యూటర్ దగ్గర, రెస్టారెంట్లో జీతంతో కూడిన శిక్షణ. మూడు అంచెల వ్యాపారంలో రెండు అంచెల లోపలికీ దారి వేశారన్నమాట. పేటకు ఆసరా అంటే విరాళం పెట్టె కాదు, ఇదీ ఆసరా.

యాప్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఉబర్ 2021లో 110 కోట్ల డాలర్లకు, షాపుల నుంచి మందు ఇంటికి తెచ్చిపెట్టే యాప్ డ్రిజ్లీని కొంది, 2024 మార్చిలో మూసేసింది. దాని మీదే డెలివరీ ఆర్డర్లు అల్లుకున్న చిన్న షాపులు మళ్ళీ మొదటికొచ్చాయి. ఒంట్లో బాగోనప్పుడు, డ్రైవ్ చేయకూడనప్పుడు యాప్ మంచిదే. అప్పుడు కూడా ఏ షాపు నుంచి వస్తోందో చూసి ఎంచుకోండి, లేదా ఆ షాపుకే ఫోన్ చేయండి.

కొత్త ఊళ్ళో షాపు ఎంచుకోవాలంటే నేను ముందు కౌంటర్ చూస్తాను, అద్దం ఉందా లేదా అని. తర్వాత ఇరవై డాలర్ల లోపు మంచి సీసా చూపించమంటాను. విసుక్కోకుండా రెండు మూడు తీసి, ఏది ఎందుకో చెబితే ఇక వేరే చోటికి వెళ్ళను. ఆ రెండు డాలర్ల తేడా ఆ మాటకే ఇస్తున్నాననుకుంటాను.

శనివారం సీసాకు కాబట్టి పేట షాపే. ఇంట్లో పెళ్ళి రిసెప్షన్‌కు ఇరవై కేసులు కావాలంటే లెక్క మారుతుంది, వందల డాలర్ల తేడా ఎవరినీ వదులుకోమనను. కానీ చెయిన్ స్టోర్‌కు బండి తిప్పే ముందు ఒక్కసారి వాళ్ళనే అడగండి. పన్నెండు సీసాల కేసుకు పది శాతం తగ్గించే చిన్న షాపులు చాలా ఉన్నాయి, ముందుగా చెబితే తెప్పించి పెడతారు. న్యూయార్క్‌లో అయితే వైన్ షాపులో బీరు ఎలాగూ అమ్మరు, రెండు చోట్లకు వెళ్ళక తప్పదు. బీరు పెద్ద స్టోర్లో దింపుకోండి, వైన్ మాత్రం పేటలో చెప్పండి.