కాశీ ప్రయాణానికి పోస్టాఫీసు ఆర్‌డీ: దేనికి పనికొస్తుంది, దేనికి రాదు

నెలకు ఐదారు వందలు పక్కన పెట్టడమే గగనమైన ఇంట్లో నలుగురూ కలిసి కాశీకి వెళ్లాలంటే డబ్బు ఒక్కసారిగా పుట్టదు. చీటీ వేస్తే పాటలో పోయేది ఎంతో, పాడినవాళ్లు చివరిదాకా కడతారో లేదో అన్న బెంగ. డబ్బాలో దాచుకుంటే పిల్లల ఫీజుకో ఆస్పత్రికో తీసేస్తారు. ఇలాంటి ఇళ్లకు నెలనెలా ఒకే మొత్తం కట్టుకుంటూ పోయే పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) నిజంగా మంచి సాధనం. కాకపోతే దాని గడువు ఐదేళ్లు, అంటే 60 వాయిదాలు. వచ్చే వేసవి సెలవులకు డబ్బు కావాలనుకునేవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. బ్యాంకు ఆర్‌డీలో గడువు మన ఇష్టం, ఏడాదికి గానీ ఏడాదిన్నరకు గానీ పెట్టుకోవచ్చు. అలాంటి ప్రయాణానికి అదే సరి.

వడ్డీ 2023 అక్టోబరు 1 నుంచి 6.7 శాతం, మూడు నెలలకోసారి అసలులో కలుస్తుంది. కొత్త ఖాతాల రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. మీరు తెరిచిన రోజున ఉన్న రేటు మాత్రం ఐదేళ్లూ కదలదు. ఈ రేటున నెలకు 100 కడితే చేతికొచ్చేది 7,136 రూపాయలు. వాయిదా ఎంత పెట్టుకోవాలో ఈ ఒక్క అంకెతో తేలిపోతుంది. ప్రయాణానికి 50 వేలు కావాలంటే నెలకు 700. కట్టేది 42,000, వచ్చేది 49,956. వాయిదా కనీసం 100 ఉండాలి, ఆపైన పదుల లెక్కన ఎంతైనా పెట్టుకోవచ్చు. ఒకసారి పెట్టుకున్నాక మధ్యలో పెంచడానికీ తగ్గించడానికీ వీల్లేదు.

ఎంత కావాలో లెక్క వేసేటప్పుడు చాలామంది ఈ రోజు టికెట్ ధర చూసి దాన్ని నాలుగుతో గుణిస్తారు. పొరపాటు జరిగేది అక్కడే. రైల్లో ఐదు నిండి పన్నెండు నిండని పిల్లలకు బెర్తు వద్దంటే సగం టికెట్, బెర్తు కావాలంటే పూర్తి టికెట్. ఇప్పుడు ఏడేళ్ల పిల్లకు ఖాతా ముగిసేనాటికి పన్నెండు వస్తాయి, కాబట్టి బెర్తు ఉన్నా లేకున్నా పూర్తి టికెట్టే. ఇంట్లో పెద్దవాళ్లకు రాయితీ ఉంటుందని లెక్కలో తగ్గించుకోవద్దు. వృద్ధుల రాయితీని రైల్వే 2020 మార్చిలో ఆపేసింది. ఛార్జీల పెంపు మాత్రం మరీ భయపడాల్సింది కాదు. 2025 జులై 1న మెయిల్, ఎక్స్‌ప్రెస్ స్లీపర్ మీద పెంచింది కిలోమీటరుకు ఒక పైసా, అంటే 1,500 కిలోమీటర్లకు 15 రూపాయలు. ఐదేళ్లలో అసలు బరువయ్యేవి గది అద్దె, తిండి, ఆటోలు, పడవలు. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలనుకునేవాళ్లకు గది అద్దే పెద్ద పద్దు. ఆంధ్రాశ్రమం, కరివేన సత్రం లాంటి చోట్ల గది దొరికితే ఖర్చు బాగా తగ్గుతుంది. అయినా బడ్జెట్టు వేసేటప్పుడు బయట గది ధరే వేసుకోండి. దొరికితే మిగులుతుంది.

ఇక ఈ పథకంలో మనసుకు కష్టం కలిగించే నిబంధన ఒకటుంది. మూడేళ్లు నిండకుండా ఖాతా మూయనివ్వరు. మూడేళ్ల తర్వాత మూయొచ్చు గానీ, గడువుకు ఒక్క రోజు ముందు మూసినా మొత్తం కాలానికీ పొదుపు ఖాతా వడ్డీ, అంటే 4 శాతమే కట్టిస్తారు. ప్రయాణాల కోసం దాచుకునేవాళ్లు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు. ఎందుకంటే రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. కార్తీకంలో వెళ్దామని నవంబరులో ముగిసేలా ఖాతా తెరిస్తే టికెట్ డబ్బు సెప్టెంబరులోనే కావాలి. అప్పుడు చేసేది లేక ఖాతా మూసేస్తే నెలకు 700 లెక్కన 58 వాయిదాల మీద వచ్చే వడ్డీ సుమారు నాలుగు వేలు. ఆ రెండు నెలలు ఆగితే వచ్చేది 7,956. ఐదేళ్ల ఓపికలో దగ్గర దగ్గర సగం పోయినట్టే.

అందుకే వెనక నుంచి లెక్కపెట్టుకోవాలి. నవంబరు ప్రయాణానికి రిజర్వేషన్ సెప్టెంబరులో, కాబట్టి ఖాతా ముగియాల్సింది ఆగస్టులో, అందువల్ల తెరవాల్సిందీ ఆగస్టులోనే. ఇప్పటికే నవంబరులో తెరిచి ఉంటే మూయకండి, దాని మీద అప్పు తీసుకోండి. 12 వాయిదాలు కట్టి, ఏడాది నిండి, ఖాతా ఆగిపోకుండా నడుస్తుంటే నిల్వలో సగం దాకా అప్పు ఇస్తారు. దానికి వడ్డీ ఆర్‌డీ రేటు మీద 2 శాతం ఎక్కువ, అంటే 8.7. టికెట్ల కోసం 10,000 తీసుకుని రెండు నెలల్లో తీర్చేస్తే పడేది 145 రూపాయలు. నాలుగు వేలు పోగొట్టుకునే బదులు 145తో గట్టెక్కవచ్చు. ఈ సౌకర్యం ఉందన్న సంగతి కౌంటర్లో అడిగితే తప్ప చాలామందికి తెలియదు, అడగండి.

ఇంకో ఉపాయం, 700తో ఒకే ఖాతా కాకుండా 400తో ఒకటి, 300తో ఒకటి తెరవడం. ఒకరి పేరున ఎన్ని ఖాతాలైనా ఉండొచ్చు. నాలుగో ఏట ఏదైనా ఆపద వస్తే చిన్నది మూస్తారు, పెద్దదాని వడ్డీ చెక్కుచెదరదు.

ఖాతా తెరిచే తేదీ కూడా చూసుకోవాలి. 15వ తేదీలోపు తెరిస్తే ప్రతి నెలా 15లోపు కట్టాలి. 16 నుంచి నెలాఖరులోపు తెరిస్తే నెల చివరి పనిదినం దాకా గడువు. ఒకటో తారీఖు జీతగాళ్లు మొదటి పక్షంలో తెరిస్తే డబ్బు ఖర్చయ్యేలోపు వాయిదా వెళ్లిపోతుంది. కూలి, చిల్లర వ్యాపారం మీద బతికేవాళ్లకు రెండో పక్షం నయం. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు యాప్ నుంచి కూడా కట్టొచ్చు.

వాయిదా తప్పితే వందకు నెలకు ఒక రూపాయి జరిమానా, 700కి ఏడు రూపాయలు. అది పెద్ద నష్టం కాదు. నాలుగు వాయిదాలు తప్పితే మాత్రం ఖాతా ఆగిపోతుంది. నాలుగోది తప్పిన నాటి నుంచి రెండు నెలల్లో మళ్లీ నడిపించుకోకపోతే ఇక అందులో కట్టడం కుదరదు. తప్పినవి నాలుగుకు మించకపోతే ఇంకో దారీ ఉంది, ఎన్ని తప్పితే అన్ని నెలలు గడువు పొడిగించుకుని ఆ నెలల్లో కట్టుకోవచ్చు. ఇది ఎంచుకుంటే ప్రయాణం నెల కూడా జరుగుతుందని గుర్తుంచుకోండి.

మిర్చి, వరి డబ్బు ఏడాదికోసారి చేతికొచ్చే ఇళ్లకు ముందస్తు చెల్లింపు బాగుంటుంది. ఆరు నెలలవి ఒకేసారి కడితే వందకు 10 రూపాయలు, పన్నెండు నెలలవి కడితే వందకు 40 తగ్గిస్తారు. అంటే 700 ఖాతాకు ఏడాది మొత్తం 8,400 బదులు 8,120 కడితే చాలు. ఒక్క మెలిక ఉంది. ముందుగా కట్టిన కాలం పూర్తయ్యేదాకా ఖాతా మధ్యలో మూయనివ్వరు. కాబట్టి చేతిలో ఉన్నదంతా ఇందులోనే పోయకండి.

ఇంటికొచ్చి వసూలు చేసుకునే మహిళా ఏజెంట్లు చాలా ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు 4 శాతం కమీషన్ ప్రభుత్వమే ఇస్తుంది, మీరు పైసా ఇవ్వనక్కర్లేదు. డబ్బు ఇచ్చిన ప్రతిసారీ ఏజెంటు కార్డు మీద అంకె, తేదీ, సంతకం మీ కళ్ల ముందే పడాలి. రెండు మూడు నెలలకోసారి పాస్‌బుక్కులో ఎక్కాయో లేదో చూసుకోండి. పాస్‌బుక్కు మీ ఇంట్లోనే ఉండాలి.

గడువు ముగిశాక 20 వేలు, ఆపైన ఉన్న మొత్తాన్ని నగదుగా ఇవ్వరు, ఖాతాలో వేస్తారు లేదా చెక్కు ఇస్తారు. చెక్కు మారడానికి పట్టే రోజులు రిజర్వేషన్ తెరిచే వారంలో పడితే చాలా ఇబ్బంది. అందుకని ఆర్‌డీతో పాటే అదే పోస్టాఫీసులో పొదుపు ఖాతా కూడా తెరిచి పెట్టుకోండి. దాంట్లో కనీసం 500 నిల్వ ఉండాలి. ఆ 500ను ప్రయాణం లెక్కలో కలపకండి.