తడవని నోట్‌బుక్, ఇరుకు గడులు

గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు దగ్గర గూడబాతుల్ని చూస్తూ రాసుకోవడానికి ఆన్‌లైన్‌లో ఈ చిన్న నోట్‌బుక్ తెప్పించాను. 420 రూపాయలు. వంద పేజీలకు అంత రేటేమిటని మా ఆవిడ అడిగింది, నేను మాట మార్చేశాను.

కాగితం మాత్రం నిజంగానే తడవదు. రెండో రోజు జల్లు పడి పేజీ మీద నీళ్లు నిలిచాయి. చొక్కా అంచుతో తుడిస్తే "6:40, తుమ్మచెట్ల మీద 31, ఎగురుతూ 4" చెక్కుచెదరలేదు. కాకపోతే పెన్సిలే వాడాలి. జెల్ పెన్‌తో రాసిన ఎర్రకాళ్ల కొంగల లెక్క మొత్తం బొటనవేలికి అంటుకుని నల్లటి మరకైపోయింది.

నచ్చనివి అచ్చేసిన గడులు. తేదీ, చోటు, వాతావరణం, జాతి, సంఖ్య సరే. "ఏం చేస్తోంది" అన్నదానికి వేలెడు జాగా ఇచ్చారు! అసలు సంగతంతా అక్కడే కదా. రోజువారీ దినచర్య, జాతివారీ వివరాలు వేర్వేరుగా రాసే పద్ధతిని కాలిఫోర్నియా జంతుశాస్త్రవేత్త జోసెఫ్ గ్రినెల్ వందేళ్ల కిందటే పెట్టాడు. ఇందులో రెండూ ఒకే పేజీలో ఇరికించారు. కళ్లతో చూసినదానికీ, మనం ఊహించినదానికీ వేర్వేరు జాగా కూడా లేదు. అందుకే నేను గడులు వదిలేసి, "ముక్కున పుల్ల పట్టుకొచ్చింది" అని కుడి పేజీలో, "గూడు కడుతోందేమో" అని ఎడమ పేజీలో రాస్తున్నాను.

స్పైరల్ బాగుంది, మోకాలి మీద మడిచి రాసుకోవచ్చు. గడులు లేని రకం దొరికితే అదే కొనండి.