ద్వారం దారి, బాలమురళి దారి

పిల్లల్ని సంగీతంలో చేర్చేటప్పుడు అందరికీ ఒకటే టెన్షన్: ఒక్క వాద్యమే పట్టుకోవాలా, నాలుగైదు నేర్పించాలా? మన దగ్గర రెండు దారుల్లోనూ పెద్దలున్నారు.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారిది వయొలిన్ దారి. పక్కవాద్యంగా ఉన్న దాన్ని సోలో కచేరీకి నిలబెట్టారు. విజయనగరం సంగీత కళాశాలలో పాఠాలు చెప్పి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఒకచోట కుదురుగా ఆగే రకం కాదు. పాడటమే కాకుండా వయొలిన్, వయోలా, మృదంగం, కంజీర వాయించారు. 72 మేళకర్తల్లోనూ, అంటే కర్ణాటక సంగీతంలోని మూల రాగాలన్నిటిలోనూ, కృతులు కట్టారు. సినిమాల్లో గాయకుడిగా ఒకటి, సంగీత దర్శకుడిగా ఒకటి, రెండు జాతీయ అవార్డులు. రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలని చదువుకున్నవాళ్ళ ముందు మహతి అనే రాగం పెట్టారు: స, గ, ప, ని. అంతే, నాలుగే! ఇదసలు రాగమేనా అని గొడవలూ అయ్యాయి. వింటే మాత్రం లోటు తెలియదు.

నన్నడిగితే, ఆయన అన్ని వాద్యాల వెనకా ఉన్నది గాత్రమే. వయోలా వాయించినా పాడినట్టే ఉంటుంది. అందుకే మా అమ్మాయికి ముందు పాట. వయొలిన్ రెండో ఏడు చూద్దాం.