గాల్వెస్టన్ నుంచి నడిసముద్రపు వేట: తొమ్మిదేళ్ళుగా ఒకే కెప్టెన్‌తో వెళ్ళాక

నేను హ్యూస్టన్‌కి దక్షిణాన పియర్‌లాండ్‌లో ఉంటాను. గాల్వెస్టన్ రేవు మాకు ముప్పావుగంట ప్రయాణం. పెరిగింది కాకినాడలో. కుంభాభిషేకం రేవులో తెల్లారే సరికి మరబోట్లు దిగుతుంటే నాన్న చెయ్యి పట్టుకుని చూసినవాణ్ణి కాబట్టి సముద్రం అంటే మనసు లాగుతుంది. ఇక్కడికి వచ్చాక మెక్సికో గల్ఫ్‌లో రెడ్ స్నాపర్ అనే చేప వేటకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఇప్పటికి ఒకే కెప్టెన్ దగ్గర పద్నాలుగు సార్లు బుక్ చేసుకున్నాను, తొమ్మిది సార్లు వెళ్ళాను. మిగిలిన అయిదు సార్లూ ఆయనే రద్దు చేశాడు. ఆ అయిదు రద్దుల వల్లే నేను ఇంకా ఆయన దగ్గరికే వెళ్తున్నాను.

ఆయన కంటే ముందు, 2015 ఆగస్టులో, ఒక స్నేహితుడి స్నేహితుడి పడవ ఎక్కాం. తలా నూట ఏభై డాలర్లు. పెట్రోలు ఖర్చు అన్నాడు గానీ, కట్టనివాణ్ణి ఎక్కించుకోనన్నాక అది ఛార్జీ కాక మరేమిటి? ఒకటే ఇంజను. ఒడ్డు నుంచి ముప్ఫై అయిదు మైళ్ళ దాకా వెళ్ళాక అది దగ్గి ఆగిపోయింది. మేం ఆరుగురం, అతనితో ఏడుగురం, లైఫ్ జాకెట్లు అయిదు. చేతిలో పట్టుకునే రేడియో ఒకటుంది, దాని మాట ఒడ్డు దాకా చేరలేదు. నాలుగు గంటలు కెరటాల మీద అడ్డంగా ఊగాం. మా బావమరిది వాంతులు చేసుకుని చేసుకుని చివరికి లేవలేకపోయాడు. అటుగా వస్తున్న రొయ్యల బోటు ఒకటి మా కేక విని, తన రేడియోలో కబురు అందించింది. ఆ రాత్రి ఇంటికొచ్చి నా భార్య మొహం చూశాక, ఇంకోసారి వెళ్తే తెలుసుకునే వెళ్ళాలని గట్టిగా అనుకున్నాను.

తెలుసుకున్నదాంట్లో మొదటిది లైసెన్సు. అమెరికాలో డబ్బు తీసుకుని మనుషుల్ని వేటకి తీసుకెళ్ళే ప్రతి కెప్టెన్‌కీ కోస్ట్ గార్డ్ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. చిన్న పడవలవాళ్ళకి ఎక్కువగా ఉండేది ‘సిక్స్ ప్యాక్’ అని పిలిచే రకం. దానితో డబ్బు కట్టిన ప్రయాణికుల్ని ఆరుగురి వరకే ఎక్కించుకోవచ్చు. ఏడో మనిషి ఎక్కాలంటే పడవకే కోస్ట్ గార్డ్ తనిఖీ పత్రం కావాలి. కాబట్టి చిన్న పడవ కెప్టెన్ ఎవరైనా "ఎనిమిది మందైనా ఫర్వాలేదు, సర్దుకుందాం" అంటే ఆ తనిఖీ పత్రం చూపించమనండి, లేదంటే ఫోన్ పెట్టేయండి. లైసెన్సు అయిదేళ్ళకోసారి కొత్తది చేయించుకోవాలి. మా కెప్టెన్‌ని మొదటిసారి అడిగినప్పుడు ఏమీ అనుకోకుండా ఫొటో తీసి పంపాడు. ఇన్సూరెన్సు కాగితం కూడా అడగకుండానే దానితో పాటు పంపాడు.

రెండోది చాలామందికి తెలియనిది, నాకు మాత్రం అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. టెక్సస్ తీరంలో తొమ్మిది నాటికల్ మైళ్ళ దాకా రాష్ట్రం నీళ్ళు, ఆ పైన ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వపు నీళ్ళు. రాష్ట్రం నీళ్ళలో రెడ్ స్నాపర్‌ని ఏడాది పొడుగునా పట్టొచ్చు, మనిషికి నాలుగు, పదిహేను అంగుళాల పైన ఉండాలి. ఫెడరల్ నీళ్ళలో మనిషికి రెండే, పదహారు అంగుళాలు, ఛార్టర్ పడవలకి (డబ్బు తీసుకుని వేటకి తీసుకెళ్ళేవాటికి) సీజను జూన్ 1న మొదలవుతుంది. ముగిసే తేదీ ఏటా మారుతుంది. ఫెడరల్ నీళ్ళలోకి ప్రయాణికుల్ని తీసుకెళ్ళి స్నాపర్ పట్టించాలంటే పడవకి ఫెడరల్ పర్మిట్ ఉండాలి. ఆ పర్మిట్ ఉన్న పడవ రాష్ట్రం నీళ్ళలో ఉన్నా ఫెడరల్ లెక్కే పాటించాలి. అంటే "మనిషికి నాలుగు స్నాపర్లు గ్యారంటీ" అనో, "జనవరిలో కూడా స్నాపర్ పట్టిస్తాం" అనో ఎవరైనా చెప్పాడంటే, అతనికి ఫెడరల్ పర్మిట్ లేదన్నమాట. ఉంటే ఆ మాట అనలేడు. అలాంటి పడవ తొమ్మిది మైళ్ళు దాటకుండా వేటాడితే తప్పేం లేదు, కానీ దాన్ని నడిసముద్రపు వేట అని అమ్మకూడదు. గాల్వెస్టన్ దగ్గర సముద్రపు అడుగు చాలా నెమ్మదిగా లోతవుతుంది. వంద అడుగుల లోతు కావాలంటే ఏభై మైళ్ళు వెళ్ళాలి. పెద్ద స్నాపర్లు అక్కడి పాత చమురు ప్లాట్‌ఫారాల దగ్గరా, చేపల కోసం ముంచిన గట్ల దగ్గరా ఉంటాయి.

ఇంకో గుర్తు కూడా చెప్తాను. "నా వాటా రెండు, కుర్రాడి వాటా రెండు కూడా మీకే ఇచ్చేస్తాను" అని ఆశపెట్టే కెప్టెన్లున్నారు. కుర్రాడంటే పడవలో పనిచేసే మనిషి. ఛార్టర్ ట్రిప్పులో కెప్టెన్‌కీ, పనివాళ్ళకీ రెడ్ స్నాపర్ వాటా లేదు. ఆరుగురం వెళ్తే పన్నెండు చేపలు, అంతే. వాటాలో మోసం చేసేవాడు ఇంజన్ల సర్వీసులో మాత్రం నిజాయితీగా ఉంటాడని నేను నమ్మలేను.

ఇక వాతావరణం. 2018 జూన్‌లో నాన్న వచ్చారు. ఇండియా నుంచి వచ్చినవాళ్ళకైనా ఫిషింగ్ లైసెన్సు కావాలి, టెక్సస్‌లో కెప్టెన్ లైసెన్సు ప్రయాణికులకి వర్తించదు. ఒక్కరోజు లైసెన్సు దొరుకుతుంది, అది తీసుకున్నాం. నాన్నకి పులిహోర, పెరుగన్నం కట్టించుకుని అంతా సిద్ధం. ముందురోజు సాయంత్రం కెప్టెన్ ఫోన్ చేసి రేపు వద్దన్నాడు. నేను వాదించాను. వాతావరణశాఖ చెప్తున్న కెరటాలు మూడడుగులే కదా, మే నెలలో మూడడుగుల్లోనే వెళ్ళాం కదా అన్నాను. ఆయన విసుక్కోకుండా వివరించాడు. ఎత్తు ఒక్కటే చూడకూడదట, రెండు కెరటాల మధ్య ఎన్ని సెకన్లన్నది కూడా చూడాలట. మూడడుగుల కెరటం ఎనిమిది సెకన్లకోసారి వస్తే పడవ ఉయ్యాలలా లేచి దిగుతుంది. అదే నాలుగు సెకన్లకోసారి వస్తే గోడల్లా ఒకదాని వెనక ఒకటి వచ్చి కొడతాయి, ఏభై మైళ్ళ దూరం నడుం మీద సుత్తి దెబ్బలే. గాల్వెస్టన్‌కి తూర్పున ఇరవై రెండు నాటికల్ మైళ్ళ దూరంలో కెరటాల్ని కొలిచే 42035 అనే తేలుడు యంత్రం (బోయ్) ఉంది. దాని లెక్కలు ఎవరైనా ఫోన్‌లో చూసుకోవచ్చు. ఆ రోజు నుంచి ప్రతి ట్రిప్పుకీ ముందు చూస్తున్నాను.

ఫోన్ పెట్టేశాక నాన్న అడిగారు, ఏమన్నాడ్రా అని. చెప్పాను. "మంచి సరంగు రా వీడు. గాలి చూసి ఆగడం తెలిసినవాడు" అన్నారు. రెండు రోజుల తర్వాత వెళ్ళాం, సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. రద్దయిన రోజుకి కట్టిన అడ్వాన్సులో పైసా పోలేదు. బుక్ చేసేముందు ఈ సంగతి తప్పకుండా అడగండి: వాతావరణం బాగోలేక కెప్టెన్ ఆపేస్తే డబ్బు వెనక్కిస్తారా, ఇంకో తేదీ ఇస్తారా? ఏ గాలికి, ఏ కెరటానికి ఆపేస్తారు? రెండో ప్రశ్నకి అంకెతో జవాబు చెప్పేవాడే ఆలోచించి నడిపేవాడు. "మనం ఎలాంటి సముద్రంలోనైనా వెళ్తాం" అన్నవాడితో నేను వెళ్ళను.

మా కెప్టెన్ పడవ ముప్ఫై మూడు అడుగులది, రెండు ఇంజన్లు. బయల్దేరే ముందు ప్రతిసారీ, మేం తొమ్మిదోసారి వచ్చినా సరే, లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో పెట్టె తెరిచి చూపిస్తాడు. మునిగితే ఉపగ్రహానికి కబురు పంపే ఈపర్బ్‌ని చేత్తో తట్టి చూపిస్తాడు. తనకేమైనా అయితే రేడియోలో పదహారో ఛానెల్‌లో ఎలా పిలవాలో మాలో ఒకరి చేత చెప్పిస్తాడు. నాన్న వచ్చినప్పుడు ఆయన చేతే చెప్పించాడు, వచ్చీరాని ఇంగ్లీషులో నాన్న చక్కగా చెప్పారు.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఒక చిన్న చేప. 2022 జూలై. మా బావమరిది గేలానికి పడింది, కొలిస్తే పదిహేనున్నర అంగుళాలు. అర అంగుళం తక్కువ. వంద అడుగుల లోతు నుంచి గబగబా లాగేసరికి దాని గాలితిత్తి ఉబ్బి, పొట్ట నోట్లోంచి బయటికి తన్నుకొచ్చింది, కళ్ళు పొడుచుకొచ్చాయి. అలాగే వదిలేస్తే కిందికి దిగలేక పైనే తేలుతుంది, ఏ డాల్ఫినో షార్కో మింగేస్తుంది. పడవలో పనిచేసే కుర్రాడు తడి చేతులతో దాన్ని పట్టుకుని, బరువు కట్టిన ఒక క్లిప్పుని దాని కింది పెదవికి తగిలించి నీళ్ళలోకి వదిలాడు. లోతుకి వెళ్ళాక నీటి ఒత్తిడికి ఆ క్లిప్పు దానంతటదే నోరు తెరిచి చేపని విడిచిపెడుతుంది. తాడు ఒక్కసారి కుదిపి వదులైంది. "వెళ్ళిపోయింది" అన్నాడు. ఇలాంటి పరికరమో, గాలి తీసే సూదో పడవలో సిద్ధంగా ఉండాలన్న నియమం ఆ ఏడాది జనవరిలోనే వచ్చింది. కానీ ఈయన పడవలో నేను దాన్ని అంతకు రెండేళ్ళ ముందే చూశాను. ఏభై ఏళ్ళు దాటి బతకగల చేప అది.

ఎర విషయంలో ఒక సలహా. ఇక్కడ స్నాపర్‌కి చేపముక్క ఎరగా వేస్తే గుండ్రటి సర్కిల్ గేలం వాడాలి. మన అలవాటు కొద్దీ కొరకగానే గట్టిగా లాగితే అది తగలదు. ఊరికే చుడుతూ పోవాలి, పెదవి మూలకి దానంతటదే పట్టుకుంటుంది. పడవలోని కుర్రాడు ఇది ఎంతో ఓపికగా నేర్పాడు. టిప్పు అతనిది, కెప్టెన్‌ది కాదు. మేం ఛార్జీలో ఇరవై శాతం ఇస్తాం, పని చూస్తే అది ఎక్కువనిపించదు.

లోపాలు లేవా? ఉన్నాయి. పన్నెండు గంటల ట్రిప్పుకి ఆరుగురికీ కలిపి రెండు వేల డాలర్లు దాటుతుంది. జూన్ తేదీ కావాలంటే జనవరిలోనే అడగాలి. పడవలో నీడ ఇద్దరికి సరిపోతుంది. మరుగు సౌకర్యం పేరుకే, ఆడవాళ్ళకి చాలా ఇబ్బంది. మా ఆవిడ ఒకసారి వచ్చి ఇక రానంది, ఆమె మాటలో న్యాయముంది. పదేళ్ళలోపు పిల్లల్ని ఈ ట్రిప్పుకి తీసుకెళ్ళకండి. వాళ్ళకి ఒడ్డు దగ్గరి బేలో నాలుగు గంటల వేట చాలు. అరవై మందిని ఎక్కించుకునే పెద్ద పార్టీ బోటు చవక, నేనూ ఒకసారి వెళ్ళాను, కానీ సగం పొద్దు పక్కవాడి దారంతో పడ్డ చిక్కులు విప్పడంలోనే గడిచింది.

కడుపులో తిప్పే మనుషులైతే డ్రామమైన్ లాంటి మాత్ర పడవ ఎక్కడానికి అరగంట నుంచి గంట ముందు ఒకటి వేసుకోండి. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడిగి వేసుకోండి.

ఒడ్డుకొచ్చాక చేపలు కోసే బల్ల దగ్గర ఒక ముచ్చట. చేపని తలతో సహా ఒడ్డుకి తేవాలి, ఫెడరల్ నీళ్ళలో పట్టినదాన్ని సముద్రంలోనే ముక్కలు చెయ్యకూడదు. ఇక్కడివాళ్ళు ఫిల్లెట్ తీసుకుని తలలు పెలికాన్లకి విసిరేస్తారు. మొదటి ట్రిప్పులో నేను పరిగెత్తుకెళ్ళి ఆపాను, తల లేకుండా పులుసేమిటని. రెండోసారి గుర్తుచెయ్యాల్సి వచ్చింది. మూడోసారి నుంచి మొప్పలు తీసి కడిగిన తలలు వేరే సంచిలో, మంచు మీద, అడగకుండానే సిద్ధంగా ఉంటున్నాయి. వంజరం జాతికే చెందిన కింగ్ మాకెరెల్ పడితే, ఫిల్లెట్ చెయ్యకుండా అడ్డంగా చక్రాల్లా కోసిస్తాడు, వేపుడికి. వచ్చే జూన్ రెండో శనివారానికి తేదీ ఖాయం చేసుకున్నాను. నాన్న మళ్ళీ వస్తున్నారు, చింతపండు ఆయనే తెస్తానన్నారు.